వరూధినికి అద్దె ఇల్లు దొరుకుతుందా?

నేను చదివే ఒక రకం ఇంగ్లీషు ప్రేమ నవలలన్నిట్లో ఊరు ఒకటే, పేరే మారుతుంది. ఒక మంత్రగత్తె బేకరీ నడుపుతుంటుంది. ఆ వీధి చివరుండే ప్లంబర్ పౌర్ణమి రాత్రి తోడేలైపోయి, తెల్లారేసరికి మళ్ళీ పానా పట్టుకుని పనికి వచ్చేస్తాడు. లైబ్రరీలో ఒక ముసలి దెయ్యం ఉంటుంది, ఎవరైనా పేజీ మూల మడిస్తే కోపంగా దగ్గుతుంది. పెద్ద నగరంలో ఉద్యోగమో పెళ్ళో చెడిపోయి, ముప్పై దాటిన ఒకమ్మాయి, చనిపోయిన మేనత్త రాసిచ్చిన ఇంటి తాళంచెవులతో ఆ ఊళ్ళో దిగుతుంది. నల్లపిల్లి తప్పనిసరి. మూడో అధ్యాయంలో వంటింటి కుళాయి కారుతుంది, ప్లంబర్ వస్తాడు. తర్వాతేం జరుగుతుందో నాకు తెలుసు, మీకు తెలుసు, పిల్లికీ తెలుసు.

కోజీ పారానార్మల్ రొమాన్స్ అని వీటికి పేరు, అంటే దెయ్యాలూ మంత్రాలూ ఉన్నా భయపెట్టని వెచ్చటి ప్రేమకథలు. వీటిని నేను దాచుకోకుండా, ఇష్టంగా చదువుతాను. రక్తం పారదు. పడగ్గది తలుపు దగ్గరే అధ్యాయం ముగుస్తుంది. చివరికి ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీలోనే హామీ. ఊరికొచ్చే ముప్పు కూడా మామూలు మనుషుల తాహతుకి తగ్గట్టే ఉంటుంది: పండగకి మునిసిపాలిటీ పర్మిషన్ ఇవ్వదు, లేదా ఊరి బావిలో మంత్రశక్తి తగ్గిపోతూ ఉంటుంది. లోకం మునిగిపోతుందన్న టెన్షన్ ఎవరికీ ఉండదు.

"చందమామ కథకి లిప్‌స్టిక్ పూసినట్టుంటాయండీ ఇవి" అన్నారు మా సాహితీ మిత్రుడొకాయన. ఆయన దాన్ని తిట్టనుకునే అన్నారు, నాకు మాత్రం నచ్చింది. కానీ ఆయన అసలు అభియోగం వేరు. ఇది పలాయనం, ఇందులో సమాజం లేదు అని. పలాయనమే, కాదనను. దేన్నుంచి పారిపోతున్నామన్నది కూడా చూడాలి కదా. తోడేలు ప్లంబర్ కోసమే అయితే ఒక పుస్తకంతో సరిపోయేది. మళ్ళీ మళ్ళీ నేను వెళ్ళేది ఆ ఊరి కోసం. ఒంటరి ఆడమనిషి పెట్టె పట్టుకుని దిగితే, ఎందుకొచ్చావు, ఎవరితో వచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని అడక్కుండా ముందు టీ చేతిలో పెడతారు చూడండి, ఆ పుస్తకాల్లో నేను నమ్మలేని మాయ అదొక్కటే. దెయ్యాలదేముంది, మన వైపు ప్రతి చింతచెట్టుకీ ఒకటుంది.

విశాఖలో ఇల్లు వెతుక్కున్నవాళ్ళకి నా మాట చప్పున అర్థమవుతుంది. నేను సీతమ్మధార నుంచి ఎంవీపీ కాలనీ దాకా టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగిన రోజుల్లో, ప్రతి గేటు దగ్గరా సంభాషణ ఒకే దారిలో నడిచేది.

"ఎవరెవరుంటారమ్మా?"

"నేనొక్కదాన్నేనండీ."

"ఒక్కదానివేనా... మరి మీవారు?"

"లేరండీ. నాది ఉద్యోగం."

"మాకలాంటి పట్టింపులేం లేవులే అమ్మా. ఇంతకీ మీరెవరు?"

పేరు చెప్పాను.

"అది కాదమ్మా. మీరెవరు అని."

పేరు చెబితే తీరని ప్రశ్న అది. జవాబు చెప్పాక కొందరు నవ్వి అడ్వాన్సు మాట ఎత్తారు, కొందరికి అప్పుడే మేనల్లుడు అదే వాటాలో దిగబోతున్న సంగతి గుర్తొచ్చింది. మంత్రగత్తెకి బేకరీ పెట్టుకోడానికి మెయిన్ రోడ్డు మీద షాపు దొరికిందని చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు మరి.

ఇదంతా పరాయి సరుకు, మనకి అతకదు అనేవాళ్ళకి ఒక సంగతి గుర్తుచేయాలి. తెలుగువాళ్ళు ఐదు వందల ఏళ్ళుగా నెత్తిన పెట్టుకున్న కావ్యం పారానార్మల్ రొమాన్సే. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు అరుణాస్పదపురంలో నిష్ఠగా బతికే గృహస్థు. సిద్ధుడొకడు ఇచ్చిన పసరు కాళ్ళకి పూసుకుని హిమాలయానికి ఎగిరిపోతాడు. మంచునీళ్ళకి పసరు కరిగిపోతుంది, తిరిగొచ్చే దారి లేదు. అక్కడ కనపడుతుంది వరూధిని, గంధర్వకాంత. అతను ఆమెని అడిగిన మొదటి మాటేమిటో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: ఎవరు నువ్వు, ఈ అడవిలో ఒంటరిగా తిరుగుతున్నావేం? సీతమ్మధార గేటు దగ్గర నన్నడిగింది కూడా ఇంచుమించు అదే. ఆ వెంటనే, నేను దారి తప్పాను, మా ఊరికి ఎలా వెళ్ళాలో చెప్పమంటాడు. అంత పెద్ద కళ్ళుండగా దారి ఇంకొకర్ని అడగడమెందుకని ఆమె ఆటపట్టిస్తుంది. తెలుగులో ఇంతకంటే చక్కటి తొలి పరిచయం నాకు ఇంకోటి కనపడలేదు. ఇప్పటి రొమాన్సు రచయితలు ఈ ఘట్టాన్ని చూసి చాలా నేర్చుకోవచ్చు.

తర్వాత జరిగింది కోజీ కాదు. ఆమె మనసు విప్పి చెప్పింది, అతను తోసేశాడు. అగ్నిదేవుణ్ణి వేడుకుని సాయంత్రానికి ఇంటికి చేరాడు. అంతకుముందు ఆమె కాదన్న ఒక గంధర్వుడు ప్రవరుడి వేషం వేసుకుని వచ్చి, మోసంతో ఆమెని పొందాడు. వాళ్ళకి పుట్టిన స్వరోచి వంశంలో మనువు పుట్టాడు కాబట్టి కావ్యానికి ఆ పేరు. పండితులు ప్రవరుడి నిగ్రహం గురించీ వరూధిని విరహం గురించీ పేజీలకి పేజీలు రాశారు. నా అనుమానం వేరు. ఆమె కొండ దిగి అరుణాస్పదపురం ఎందుకు రాలేదు? గంధర్వకాంతకి ఆకాశమార్గం కష్టం కాదు. వచ్చి, ప్రవరుడి వీధిలోనే ఒక వాటా అద్దెకడిగి, వీణ పాఠాలు చెబుతానని బోర్డు పెట్టుకుంటే? ఆ ఇంట్లో భార్య ఉంది కాబట్టి ప్రవరుణ్ణి వదిలేద్దాం, ఆ ఊళ్ళో ఇంకెవరూ దొరకరా? పెద్దనకి ఆ ఆలోచన రాదు, వచ్చే కాలం కాదది. మన కథల్లో అమానుష ప్రేమకి చోటు ఎప్పుడూ ఊరవతలే. హిమాలయం, ఏటిగట్టు, శ్మశానం, పాడుపడ్డ కోట. హీరో అక్కడికి వెళ్ళాలి, అనుభవించాలి, తిరిగి రావాలి. ఆమె ఊళ్ళోకి రాకూడదు.

వస్తే ఏమవుతుందో మన వారపత్రికలు చెప్పాయి. 1980లలో క్షుద్ర నవలల హోరు నడిచిన రోజుల్లో ఊళ్ళోకొచ్చిన ప్రతి అతీతశక్తీ చేతబడి కోసమో పగ కోసమో వచ్చిందే. చివరి వారం మాంత్రికుడో సైకియాట్రిస్టో వచ్చి వెళ్ళగొట్టేవరకు మనకి నిద్ర పట్టేది కాదు. భయపెట్టడంలో అవి గట్టివే. కాకపోతే మూడు దశాబ్దాల పాఠకులకి ఒక్కటే నేర్పాయి, కొత్తది ఇంట్లోకొస్తే గడప దాటించమని.

విచిత్రమేమిటంటే నవలల బయట, మా ఉత్తరాంధ్ర ఊళ్ళకి ఈ భయం లేదు. పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే విజయనగరం సిరిమాను ఉత్సవం సంగతే చూడండి. దసరా తర్వాత మంగళవారం జరుగుతుంది. ఆ ఏడాది కావలసిన చింతమాను ఎక్కడుందో ఆ ఊరి అమ్మవారు పైడితల్లమ్మే పూజారి కలలోకి వచ్చి చెబుతుందంటారు. పూజారి, పెద్దలూ వెతుక్కుంటూ వెళతారు. చెట్టు ఎవరో రైతు దొడ్లో ఉంటుంది. ఆయన పసుపు కుంకుమలతో పూజ చేయించి ఇచ్చేస్తాడు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటోతో వార్త వస్తుంది, పక్కనే ఎరువుల ధరల వార్త. కల నిజమేనా అని విలేకరి అడగడు. ఏ కోజీ రచయితా ఇంత నిబ్బరంగా మాయని రాయలేరు.

విశాఖ పాతబస్తీలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. గర్భగుడికి కప్పుండదు. అమ్మవారు ఎండకీ వానకీ అలాగే ఉంటుంది, ఎవరికి వాళ్ళు వెళ్ళి స్వయంగా పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, కులం అడిగేవాళ్ళు లేరు. మార్గశిర గురువారాల్లో ఆ సందుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. గుడి కథ ప్రకారం, 1912లో రోడ్డు వెడల్పు చేయాలని మునిసిపాలిటీవాళ్ళు విగ్రహాన్ని రోడ్డు మధ్య నుంచి పక్కకి జరిపారు. 1917లో ఊళ్ళో ప్లేగు వచ్చింది. జనం ఇది అమ్మ కోపమేనని గోల పెట్టి మళ్ళీ పాతచోటే ప్రతిష్ఠించారు, జబ్బు తగ్గింది. ప్లేగుకి కారణం ఎలకలూ వాటి మీది పురుగులూ అని నాకూ తెలుసు. అయినా కథగా చూస్తే ఇందులో అన్నీ ఉన్నాయి: మునిసిపాలిటీ, రోడ్డు వెడల్పు, అలిగిన దేవత, సర్దుకుపోయిన అధికారులు. ఒక ప్రేమజంటే తక్కువ.

కాబట్టి మాయకి మా ఊళ్ళో లోటు లేదు. లోటు ఎక్కడుందో కూడా ఈ కథలే చెబుతాయి. పైడితల్లమ్మ ఒకప్పుడు మనిషేనని, విజయనగరం రాజు పెదవిజయరామరాజు చెల్లెలని స్థలకథ. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాడని విని ప్రాణం వదిలిందట, తర్వాత విగ్రహం పెద్దచెరువులో దొరికిందట. ఇలా అకాలంగా పోయిన ఆడపిల్లలు, పసుపు కుంకుమలతో పోయిన ఇల్లాళ్ళు పేరంటాళ్ళై, ఇలవేల్పులై పూజలందుకోవడం మన పల్లెల్లో ఎన్నోచోట్ల ఉంది. పెళ్ళి పనులు మొదలుపెట్టే ముందు పేరంటాలికి చీర పెట్టే ఇళ్ళు నాకు తెలుసు. పోయినామెని అంత ప్రేమగా ఇంట్లోకి పిలుస్తారు. బతికున్న ఒంటరామె గేటు దగ్గర నిలబడితే మాత్రం మేనల్లుడు గుర్తొస్తాడు.

మా ఊరు తన పద్ధతి మార్చుకోవడం నేనొకసారి చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటినప్పుడు. చెట్లు చాలావరకు కూలాయి, నిలబడ్డ చెట్లకి ఆకు మిగల్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా అపార్ట్‌మెంట్లో అప్పటిదాకా లిఫ్టులో తల వంచుకుని నిలబడే మనుషులు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఫ్రిజ్‌లో పాడైపోయే సరుకంతా ఒకచోట చేర్చి కింద పార్కింగులో వండారు. ఎవరింట్లో నూతినీళ్ళున్నాయో వాళ్ళు ఆ వారానికి రాజులు. పై అంతస్తు బ్యాచిలర్ కుర్రాళ్ళ మీద అసోసియేషన్‌కి ఫిర్యాదు రాసిన ఆంటీగారే, బకెట్లు మోసిపెట్టినందుకు వాళ్ళకి దగ్గరుండి పులిహోర పెట్టారు. బయట పాల ప్యాకెట్టు రేటు పెంచి అమ్మిన మహానుభావులూ ఉన్నారు, అందర్నీ దేవుళ్ళని చేయను. కరెంటు వచ్చింది, తలుపులు పడ్డాయి. ఆంటీగారికి కుర్రాళ్ళ చప్పుడు మళ్ళీ వినపడసాగింది. ఆ వారం మా స్వభావాలేమీ మారలేదు, ఒకరితో ఒకరికి అవసరం పడింది అంతే. కోజీ నవలల్లో నాకు కనపడే లోపం ఇక్కడుంది. వాటిలో ఊరు పుట్టుకతోనే మంచిది. ఎందుకు మంచిదో రచయిత చెప్పదు. మన తెలుగులో ఎవరైనా రాస్తే ఆ అవసరాన్ని కథలో పుట్టించాలి, అదీ తుఫానంత పెద్దది కాకుండా.

నేనైతే భీమిలిలో పెడతాను ఈ కథని. విశాఖ నుంచి బీచ్ రోడ్డులో, రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుని వెళితే గోస్తని సముద్రంలో కలిసే చోటు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఒకప్పుడు పెద్ద రేవు. రైలు మార్గం దాన్ని తప్పించుకుని లోపలి నుంచి పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడల సందడీ ఇటే వచ్చేసింది. భీమిలికి మిగిలింది లైట్‌హౌసు, గడియారస్తంభం, చేపల పడవలు, డచ్చివాళ్ళ సమాధులు. వెనకబడి, అందుకు పెద్దగా బాధపడని ఊరే ఈ రకం కథకి కావాలి. ఆ నవలల్లోలా గుమ్మడికాయల పండగ కోసం అమెరికా వెళ్ళక్కర్లేదు, మనకి ప్రతి గుమ్మానికీ బూడిదగుమ్మడికాయ వేలాడుతూనే ఉంటుంది. దీపాల పండగ కావాలంటే దగ్గర్లోనే పద్మనాభం ఉంది, కార్తీకంలో కొండ మెట్ల పొడుగునా దీపాలు పెడతారు.

డచ్చివాళ్ళు ఈ తీరానికి ముఖ్యంగా బట్టల కోసం వచ్చారు. నేతగాళ్ళ దగ్గర గుడ్డలు కొని ఓడలకెక్కించేవాళ్ళు. కాబట్టి నా దెయ్యం, డచ్చి సమాధుల్లో పడుకున్న ఒక గుమాస్తా. నాయికకి పిన్ని వదిలిపోయిన టైలరింగ్ షాపు. రాత్రిళ్ళు మిషను దానంతటదే కుడుతుంటే ఆమె భయపడదు, ఆర్డర్లు పేరుకుపోయి ఉన్నాయి కదా, సంతోషిస్తుంది. అతనికి పోగు లెక్కపెట్టకుండా గుడ్డ ముట్టుకునే అలవాటు లేదు, పాలియెస్టర్ చూస్తే ఏడుపొస్తుంది. తెలుగుని సాలెవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి ఆ కాలపు మాటలు, ఈ నేల యాస. అతన్ని ఊళ్ళో మొదట చూసేది వీధుల్లో చేపలమ్మే ఆమె అయితే బాగుంటుంది, ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు. "ఆ తెల్లగుంటడు మంచోడేనమ్మా. తిండి ఖర్చు నేదు, తాగుడు నేదు." పెళ్ళికొడుక్కి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఉండదు.

ఇంగ్లీషు నవలలో అయితే ఇక్కడ పెద్ద అడ్డంకి అతను చనిపోయినవాడు కావడం. భీమిలిలో అది రెండో అభ్యంతరం. మొదటిది, "ఇంతకీ వాళ్ళెవరు?"

మా సాహితీ మిత్రుడు ఇక్కడే నన్ను పట్టుకున్నారు. "కులం పెడితే అది కోజీ ఎలా అవుతుందండీ? తీసేస్తే మన ఊరెలా అవుతుంది?" గట్టి ప్రశ్నే. పరువు పేరు చెప్పి కన్నపిల్లల్ని చంపుకుంటున్న చోట, ఆ విషయాన్ని తీపి పొరలో చుట్టి ఇవ్వడం నాకూ రోత. కానీ ఆయన కోజీ అంటే బాధే లేని కథ అనుకుంటున్నారు. ఆ నవలలు దిగులుతోనే మొదలవుతాయి, విడాకులు, చావులు, పోయిన ఉద్యోగాలు అన్నీ ఉంటాయి. బాధపడే మనిషిని పట్టించుకునేవాళ్ళు చుట్టూ ఉంటారు, తేడా అంతే. కులం మాట ఎత్తని తెలుగు కోజీ నవల నాకు రిసార్టు బ్రోషర్ లాగే కనిపిస్తుంది. ప్రశ్న అడగాలి, అడిగిన మనిషికి ముఖం ఉండాలి, ఆ మనిషే తర్వాత ఇబ్బంది పడాలి. హాస్యంగానైనా సరే.

మనవాళ్ళు రాయడానికి జంకే చోటు ఇంకోటుంది. మన ప్రేమకథలకి రెండే ముగింపులు తెలుసు. చావడం, లేదా లేచిపోవడం. రాత్రి రైలు, స్నేహితుడి గది, రిజిస్ట్రారాఫీసు, ఆ తర్వాత హైదరాబాదో బెంగుళూరో. మహానగరంలో ఎవరూ అడగరు కాబట్టి అక్కడ ప్రేమ బతుకుతుందని మన నమ్మకం (అక్కడా అడుగుతారు, ఇంగ్లీషులో అడుగుతారు). కోజీ నవల నియమం దానికి పూర్తిగా వ్యతిరేకం. నాయిక నగరం వదిలి ఊరికి వస్తుంది, అక్కడే ఉండిపోతుంది. చివరి అధ్యాయంలో అదే వీధి, అదే కిరాణా కొట్టు, అదే పక్కింటావిడ. పారిపోకుండా గెలవాలి. పలాయన సాహిత్యం అని మనం ఎగతాళి చేసేదానికి ఉన్న ఈ పంతం మన సీరియస్ ప్రేమకథలకే తక్కువ.

ఎలా గెలుస్తారంటే, విశాఖలో ఏ కథైనా చివరికి భూమి దగ్గరికే వస్తుంది. బీచ్ రోడ్డు పక్క రేట్లు తెలిసినవాళ్ళెవరికీ ఇది వింత కాదు. షాపున్న సందు మొత్తం తమదేనని ఒక వెంచర్ వాళ్ళు కాగితాలతో దిగుతారు. ఊరి దగ్గరున్న దస్తావేజులు చెదలు తినేశాయి. ఆ సందు హద్దులు ఎక్కడెక్కడో చూసినవాడు, కొలిచినవాడు, పద్దు పుస్తకంలో రాసినవాడు ఒక్క గుమాస్తాయే. "వాళ్ళెవరు" అని మొదట అడిగిన ఇంటావిడే చీర కొంగు సర్దుకుని షాపు మెట్లెక్కాలి, "బాబూ, మా గోడ ఎక్కడిదాకా వస్తుందో చెప్పు నాయనా" అని. అతనికి ఆమె అవసరం లేదు, ఆమెకే అతని అవసరం. ఆ సంభాషణని ఎవరైనా పది పేజీలు సాగదీసి రాస్తే నేను పదిసార్లు చదువుతాను.

ఈ నవలల్లో నాకు ససేమిరా నచ్చని అలవాటు ఒకటి, ఆఖర్న శాపం తీరి దెయ్యం మామూలు మనిషైపోవడం. అంతసేపూ తేడాని ఒప్పుకోమని ఊరికి నేర్పి, చివర్లో తేడానే తీసేస్తే ఇంక ఊరు ఒప్పుకున్నదేమిటి? నా గుమాస్తా దెయ్యంగానే ఉండాలి. పగలు మసకగా, రాత్రి కాస్త స్పష్టంగా. పెళ్ళి మాత్రం నలుగురి ముందూ జరగాలి. కొత్త సంసారానికి రేషన్ కార్డు రాయించేటప్పుడు పుట్టిన తేదీ గడిలో ఏం నింపాలో, వేలిముద్ర పడని మనిషికి బియ్యం ఎలా ఇవ్వాలో రేషన్ డీలరు తల గోక్కోవాలి. అన్నం తిననివాడికి బియ్యం దేనికని పక్కింటావిడ తగువు పెట్టుకోవాలి, ఆ బియ్యం నాకివ్వమని చేపలామె అడగాలి.